లగ్జరీ ఫోర్ బై ఫోరూ... మా నాయిన ఊరూ

"సెకండ్ హాండ్ లో పెద్ద ఎస్.యూ.వీ. ఒకటి కొందామనుకుంటున్నా" అని ఆఫీసులో లంచ్ దగ్గర అన్నానో లేదో, తలా ఒక మోడల్ పేరు చెప్పేశారు. ఒకడు ఇంజన్ గురించి, ఒకడు సన్ రూఫ్ గురించి, ఇంకొకడు రీసేల్ గురించి. "ఎందుకూ?" అని మాత్రం ఒక్కరూ అడగలేదు. ఆ ప్రశ్న అప్పుడే ఎవరైనా అడిగుంటే నాకు ఆర్నెల్ల టైమూ, నలభై వరసల ఎక్సెల్ షీటూ మిగిలేవి.

ఎందుకో చెప్తా. మాది కొల్లాపూర్ దగ్గర కృష్ణ ఒడ్డు. ఒడ్డు అని అలవాటుగా అనేస్తాం గానీ మా పాత ఊరు ఇప్పుడు ఒడ్డున లేదు, నీళ్ల అడుగున ఉంది. శ్రీశైలం ప్రాజెక్టు కింద మునిగిన ఊళ్లలో మాదీ ఒకటి. 1981లో ఖాళీ చేయించేనాటికి మా నాయినకి ముప్పయ్యేళ్లు. నేను పుట్టింది ఆ తర్వాతే, కొల్లాపూర్ లో. ముంపు కుటుంబాలకి ఇంటికో ఉద్యోగం అంటూ 1986లో వచ్చిన 98 నంబరు జీవో జిరాక్సు కాపీ ఇప్పటికీ మా ట్రంకుపెట్టెలో భద్రంగా ఉంది. అదో పెద్ద కథ, ఇంకోసారెప్పుడైనా.

శ్రీశైలం నిండుమట్టం 885 అడుగులు. ఎండాకాలంలో నీళ్లు బాగా దిగిపోయాక మునిగినవన్నీ ఒక్కొక్కటే బయటికొస్తాయి. నదికి అవతలి వైపు సంగమేశ్వరం గుడి బయటపడిందని పేపర్లలో ఫోటోలు వేస్తారే, ఆ రోజుల్లోనే మా ఊరి గోడల మొదళ్లు కూడా తేలతాయి. నాయిన ప్రతి ఎండాకాలం నడుచుకుంటూ వెళ్లి చూసొచ్చేవాడు. మోకాళ్లు సహకరించక 2019 తర్వాత వెళ్లలేదు. మొన్న దసరాకి ఇంటికెళ్తే, అన్నం తింటూ తింటూ "ఈ ఎండకాలం ఎట్లన్న జేసి ఒక్కపారి పోవాలెరా" అన్నాడు. నాయిన నన్ను ఏదైనా అడగడం నాకు గుర్తుండి అదే రెండోసారి.

ఇంకేం, నాలోని ఇంజనీరు నిద్ర లేచాడు. సమస్య: కొండా గుట్టా దాటి, పెద్దవాళ్లిద్దరినీ, పిల్లలిద్దరినీ సుఖంగా తీసుకెళ్లాలి. పరిష్కారం: లెదర్ సీట్లున్న ఫోర్ వీల్ డ్రైవ్ బండి. కొత్తది కొనే స్తోమత లేదు కాబట్టి పాతది. బడ్జెట్ 18 లక్షలు. నాయిన్ని ఏసీలో కూర్చోబెట్టి నేరుగా పాత ఇంటి గడప ముందు దింపుతానన్నమాట!

ఈ ఆర్నెల్లలో నేర్చుకున్నది కొంత చెప్తాను, ఎవరికైనా పనికిరావచ్చు.

పాత లగ్జరీ బళ్లు మన దగ్గర అంత చవగ్గా ఎందుకు దొరుకుతాయా అనుకునేవాణ్ని. ఒక కారణం దిల్లీ. పదేళ్లు దాటిన డీజిల్ బళ్లు అక్కడ తిరగకూడదని 2015లో హరిత ట్రిబ్యునల్ అంది, 2018లో సుప్రీంకోర్టు కూడా అదే మాటంది. తర్వాత్తర్వాత కొన్ని సడలింపులు వచ్చాయి గానీ, ఈలోపు బోలెడన్ని పెద్ద డీజిల్ బళ్లు రేటు పడిపోయి దక్షిణాదికి బయల్దేరాయి. బండి చవకే. కానీ అక్కణ్నించి ఎన్.ఓ.సీ. తేవాలి, ఇక్కడ మళ్లీ లైఫ్ టాక్స్ కట్టాలి, రిజిస్ట్రేషన్ మార్చుకోవాలి. ఈ ఖర్చులన్నీ కలిపి చూస్తే ఆ చవకలో సగం ఆవిరైపోతుంది.

రెండో కారణం మరమ్మత్తు. నాకు బాగా నచ్చిన బండి ఒకటుంది. పేరెందుకులెండి, జర్మన్ ది. అప్పట్లో 60 లక్షల పైమాట, ఇప్పుడు నా బడ్జెట్ లోకి వచ్చేసింది. దానికి స్ప్రింగుల బదులు గాలి తిత్తులుంటాయి, ఎయిర్ సస్పెన్షన్ అంటారు. కొత్తలో మేఘాల మీద తేలినట్టుంటుంది. పదేళ్లయ్యేసరికి ఆ రబ్బరు తిత్తులు పగుళ్లిస్తాయి, గాలి కారుతుంది, కారే గాలిని నింపలేక కంప్రెసర్ అలిసిపోయి అదీ పోతుంది. పొద్దున లేచి చూస్తే బండి ఒక పక్కకి ఒరిగి కూర్చునుంటుంది. గుర్తుంచుకోవాల్సింది ఏంటంటే, బండి పాతదయ్యేకొద్దీ దాని రేటు తగ్గుతుంది గానీ స్పేర్ పార్టుల రేటు తగ్గదు. 18 లక్షలు పెట్టి కొన్నా దాన్ని 60 లక్షల బండిలాగే మేపాలి.

మూడోది, ఫోర్ వీల్ డ్రైవ్ అని వెనక రాసున్నవన్నీ ఒకటి కావు. చాలా జర్మన్ ఎస్.యూ.వీ.లలో నాలుగు చక్రాలకీ శక్తి వెళ్తుంది గానీ లో రేంజ్ గేర్ ఉండదు. అవి వానలో, మంచులో జారకుండా ఉండడానికి పనికొస్తాయి. పాత సఫారీ ఫోర్ బై ఫోర్, పజేరో, ఫార్చూనర్, ఎండీవర్ లాంటి వాటిలో లో రేంజ్ ఉంటుంది. నిటారుగా ఉన్న రేవులోంచి పైకెక్కాలన్నా, పొలం గట్టు దాటాలన్నా అది కావాలి. అయితే ఇక్కడ ఒక మెలిక ఉంది. లో రేంజ్ చక్రానికి బలాన్నిస్తుంది గానీ పట్టునివ్వదు. పట్టు ఇవ్వాల్సింది టైరూ, దానికింద ఉన్న నేలా. ఈ ముక్క నాకు తర్వాత బాగా అర్థమైంది.

ఇక వరదలో మునిగిన బళ్ల సంగతి. 2015లో చెన్నై వరదలు, 2020 అక్టోబరులో మన హైదరాబాద్ వరదలు... నీళ్లలో నానిన బళ్లు కడిగి తుడిచి అమ్మకానికి వస్తాయి. సీటు బెల్టుని చివరిదాకా లాగి చూడండి, లోపలి కొసన బురద చార ఉంటే ఆ బండికి దండం పెట్టి వచ్చేయండి. సీటు కింద పట్టాల తుప్పు కూడా చూడండి. సర్వీసు రికార్డు లేని పాత బండి కొనడమంటే, వేరేవాడు రాసిన కోడ్ ని ఒక్క కామెంటూ లేకుండా తీసుకుని నడపడమే. ఆ బాధ నేను రోజూ పడుతున్నదే కాబట్టి బండి విషయంలో వద్దనుకున్నా.

పిల్లలకేమో నల్లమల పిచ్చి. "డాడీ, ఫోర్ వీల్ డ్రైవ్ కొన్నాక అడవిలోకెళ్దాం" అని. అమ్రాబాద్ పులుల అభయారణ్యంలోకి మన బండి మన ఇష్టమొచ్చినట్టు పోనివ్వరనీ, మన్ననూరు దాటాక శ్రీశైలం రోడ్డు మీద కూడా రాత్రి 9 నుంచి పొద్దున 6 దాకా గేటు మూసేస్తారనీ చెప్తే మొహాలు మాడ్చుకున్నారు. ఎక్సెల్ షీటులో "అడవి" అనే కాలమ్ తీసేశాను.

మార్చి చివరికి ఒక బండికి అడ్వాన్స్ ఇచ్చేద్దామనుకుంటుంటే, ఇలాంటిదే లో రేంజ్ ఉన్న పెద్ద బండి ఒకటి నడిపే మా ఫ్రెండు అడ్డుపడ్డాడు. "ముందు నాది రెండ్రోజులు తీసుకెళ్లు. మీవాళ్లని ఎక్కించి చూడు. తర్వాత కొను" అన్నాడు. ఆర్నెల్లలో నాకు దొరికిన మంచి సలహా ఇదొక్కటే. డబ్బులు కూడా అడగలేదు మహానుభావుడు, డీజిల్ ఫుల్ చేసివ్వమన్నాడంతే.

ఏప్రిల్ లో ఒక శనివారం పొద్దున్నే బయల్దేరాం. హైదరాబాద్ నుంచి జడ్చర్ల, నాగర్ కర్నూల్ మీదుగా కొల్లాపూర్ దాదాపు 180 కిలోమీటర్లు. దారి పొడుగునా తారు రోడ్డే. నా పక్క సీటు బ్రహ్మాండంగా ఉంది. వెనక ఉన్న మా ఆవిడ మాత్రం కల్వర్టు వచ్చినప్పుడల్లా "మెల్లిగా!" అంటూనే ఉంది. లారీలాగా విడి చట్రం మీద కట్టిన బళ్లు గట్టివే, కానీ ఆ గట్టిదనమంతా వెనక కూర్చున్నవాళ్ల నడుముకి తెలుస్తుంది.

ఇంటి ముందు ఆపాను. అమ్మ బయటికొచ్చి, బండి చుట్టూ ఒకసారి తిరిగి, డోరు తెరిచి, లోపలికి చూసి, కింద నేలకేసి చూసి అడిగింది: "నిచ్చెన గూడ కొంటవా బిడ్డా?"

నవ్వాం గానీ ఎక్కించడానికి ఇద్దరం పట్టాల్సొచ్చింది. పక్కన ఫుట్ బోర్డు ఉంది, పైన హాండిల్ ఉంది, అయినా మోకాలు అంత ఎత్తుకి లేవలేదు. నా షీటులో గ్రౌండ్ క్లియరెన్స్ కి 10కి 9 మార్కులేశాను. నేలకీ బండికీ మధ్య ఎత్తు కొలిచాను గానీ నేలకీ సీటుకీ మధ్య ఎత్తు కొలవాలన్న బుద్ధి పుట్టలేదు. ఆ షీటులో అమ్మకి ఒక కాలమే లేదు.

దారిలో టైర్లకి గాలి కొట్టించడానికి ఊళ్లో నాకు తెలిసిన మెకానిక్ దగ్గర ఆపాను. బండి చుట్టూ చూసి "మస్తుందన్నా" అన్నాడు. ఇదే టైపు పాతది కొంటున్నానని చెప్పి, లిస్టులో ఉన్నవాటి పేర్లు చదివాను. జర్మన్ బండి పేరు రాగానే చెయ్యి అడ్డం పెట్టాడు. "గది ఆగిపోతే నేను బానెట్ గూడ తెరువనన్నా. కంప్యూటర్ గావాలె. లారీ మీదేసి పట్నం పంపుడే." మిగతావాటికి టైరు సైజు అడిగాడు. "పద్దెనిమిది ఇంచులది రాత్రి పూట పగిలితే నాగర్ కర్నూల్ల గూడ దొరుకుతదో లేదో సూసుకో." సస్పెన్షన్ నుంచి సన్ రూఫ్ దాకా నలభై వరసలు రాసుకున్న నాకు, చెడిపోతే ఎవరు బాగుచేస్తారన్న వరసొకటి ఉండాలని అప్పుడే తట్టింది.

సాయంత్రం ఎండ తగ్గాక ఏటి దగ్గరికి వెళ్లాం. నీళ్లు దూరంగా వెళ్లిపోయి, మధ్యలో అంతా బీటలు వారిన నల్లటి మైదానం. చూడ్డానికి సిమెంటు గచ్చులా ఉంది. దూరంగా ఊరి గోడలు, మోకాలెత్తు మొండి రాళ్లు. మూడు కిలోమీటర్లుంటుందేమో. లో రేంజ్ వేశాను. గుండె కొట్టుకుంటోంది. నాయిన ముందు సీట్లో నిటారుగా కూర్చున్నాడు.

ఒడ్డు మీద వల సర్దుకుంటున్న పెద్దాయన లేచి చెయ్యెత్తాడు. "దిగకు సారూ. మీద పెంకు, కింద పెరుగు."

దిగి, ఆయన చేతిలోని కర్ర తీసుకుని ఒక బీటలో గుచ్చాను. జానెడు లోతు దాకా గట్టిగా ఉంది. ఆ తర్వాత చేతిలోంచి జారిపోయినట్టు దిగబడిపోయింది. శ్రీశైలం కట్టినప్పుడు దాని సామర్థ్యం 308 టీఎంసీలు. ఇప్పుడు 215 చిల్లర. ఆ తేడా అంతా కృష్ణ మోసుకొచ్చి పరిచిన ఒండ్రే. పేపర్లో ఆ అంకె ఎన్నోసార్లు చదివాను, అది మా నాయిన ఇంటి దారి మీద పరుచుకుని ఉందని ఎప్పుడూ అనుకోలేదు. మనుషులతో కలిపి రెండున్నర టన్నులు తూగే బండి అందులో దిగితే నాలుగు చక్రాలూ కలిసికట్టుగా కిందికి తవ్వుకుంటాయి, అంతే.

"గరుసు మీదంగ పాత బాట ఉంది, ట్రాక్టర్ వోతది" అన్నాడు పెద్దాయన. ఫోన్ చేస్తే పావుగంటలో వచ్చింది. ట్రాక్టరేం తేలిక కాదు. కానీ వెనక చక్రం నా ఛాతీ ఎత్తుంది, దాని పళ్లు వేలెడంత ఉన్నాయి. అన్నిటికంటే ముఖ్యంగా ఆ నడిపే అబ్బాయికి ఎక్కడ గరుసుందో, ఎక్కడ ఒండ్రుందో తెలుసు. ట్రాలీలో రెండు ప్లాస్టిక్ కుర్చీలు వేసి, కింద గడ్డి పరిచి, వెనక పలక దించి అమ్మానాయినల్ని ఎక్కించాం. నేను వాళ్ల కుర్చీలు పట్టుకుని నిలబడ్డాను.

నాయినకి చిన్నతనంగా ఉంటుందేమో, ఇన్ని లక్షల మాటలు చెప్పి చివరికి ట్రాక్టరెక్కించానే అని నాకు లోపల ఒకటే ఇదిగా ఉంది. అదే చెప్పబోయాను. ఆయన వినిపించుకోలేదు. గోడలకేసి చూస్తూ, "ఆనాడు గూడ సామానేసుకొని ట్రాక్టర్ మీదనే ఎల్లొచ్చినంరా. మీ అమ్మ గిట్లనే కూసుంది" అన్నాడు. అమ్మ ఏమీ అనలేదు, కొంగు సర్దుకుంది.

అక్కడ అరగంట ఉన్నాం. నాయిన వీధి పట్టుకున్నాడు, తర్వాత బావి పట్టుకున్నాడు, ఇల్లు మాత్రం పట్టుకోలేకపోయాడు. ఒండ్రు కింద పోయింది. బావి నుంచి లెక్కేసి "గీడనే ఉండాలె" అని ఒకచోట చెప్పులు విడిచి కాసేపు నిలబడ్డాడు. చీకటి పడేలోగా తిరిగొచ్చేశాం.

సోమవారం ఫ్రెండుకి బండిచ్చేసి, అడ్వాన్స్ ఇవ్వాల్సిన చోట వద్దని చెప్పేశాను. మేలో ఒక 2018 ఇన్నోవా క్రిస్టా కొన్నాం, ఒకే ఓనరు నడిపినది. ఫోర్ వీల్ డ్రైవ్ కాదు, వెనక చక్రాలతోనే నడుస్తుంది. మధ్య వరసలో రెండు విడివిడి కుర్చీలు. అమ్మ ఎవరి చెయ్యీ పట్టుకోకుండా ఎక్కుతోంది. మా మెకానిక్ దానికి కావాల్సినవన్నీ కళ్లు మూసుకుని చెప్తాడు. మామిడికాయల సీజన్ లో నాలుగు పెట్టెలు వెనక పడుతున్నాయి.

ఫోర్ బై ఫోర్ ఎవరికీ అక్కర్లేదని నా ఉద్దేశం కాదు. తోటకి రోజూ బురదలో పోవాల్సినవాళ్లకి అది కావాలి, తప్పదు. నాకు కావాల్సింది మాత్రం 177 కిలోమీటర్లు నడుము నొప్పి లేకుండా తీసుకెళ్లే బండీ, చివరి 3 కిలోమీటర్లు తెలిసిన మనిషీ.

ఆ ట్రాక్టరు అబ్బాయి నంబరు ఫోన్లో దాచుకున్నా. వచ్చే ఎండాకాలం నీళ్లు దిగ్గానే తనే ఫోన్ చేస్తానన్నాడు. నాయిన అప్పుడే అడుగుతున్నాడు, ఈసారి ఒక పార పట్టుకపోదామా అని.