మొత్తం దిద్దిన గుమాస్తా

నేను తమిళ మీడియంలో చదివినవాణ్ణి, తెలుగు అక్షరాలు రిటైరైనాకే నేర్చుకున్నాను. తప్పులుంటే దిద్దుకొని చదవండి.

మా ఇంట్లో కార్బురేటర్ కాలపు మారుతి 800 ఉంది. ఎండాకాలం నుంచి సిగ్నల్లో నిలిపితే చాలు, ఇంజన్ వణికి ఆగిపోయేది. నాకు తెలిసిన వైద్యం ఒకటే: బానెట్ ఎత్తి ఐడ్లింగ్ స్క్రూ పావు చుట్టు బిగించడం. థ్రాటిల్ పూర్తిగా మూసుకోకుండా ఆ స్క్రూ ఆపుతుంది, బిగించేకొద్దీ ఇంజన్ వేగం పెరుగుతుంది. వారం బాగుండేది. తరువాత మళ్లీ పావు చుట్టు. చివరికి యాక్సిలరేటర్ తొక్కకుండానే, క్లచ్ వదిలితే బండి ముందుకు దూకేది. పెట్రోలు సంగతి చెప్పనక్కర్లేదు.

ఒకరోజు సింగానల్లూరు సిగ్నల్లో ఆగిపోయింది. వెనక బస్సు హారన్. మా ఆవిడ ఒక్క మాట అనలేదు. ఆ తరువాత కంటి ఆసుపత్రికి టౌన్ బస్సులో పోయింది. మోకాళ్ల నొప్పి మనిషి. ఆ మెట్లు ఎట్లా ఎక్కిందో!

1920లో జి.డి. నాయుడుగారు పొళ్లాచి-పళని మధ్య బస్సు నడిపిన సీమ మనది, మెకానిక్‌కి కరువా? ఇంట్లో తెలుగు మాట్లాడే పెద్దాయన ఒకరు దొరికినారు. "స్క్రూ ఎన్నిసార్లు తిప్పినారన్నా?" అన్నాడు. లెక్క లేదన్నాను.

ఇంజన్ బాగా వేడెక్కనిచ్చి, ఏసీ ఆపి, బెల్టుకి చెయ్యి తగలకుండా, వాక్యూమ్ పైపులు ఒక్కొక్కటే వేళ్లతో నొక్కుతూ వచ్చినాడు. ఒకదాన్ని నొక్కగానే వణుకు ఆగింది. పైపు అడుగున వెంట్రుకంత పగులు. దానిలోంచి అదనపు గాలి లోపలికి పోతే కార్బురేటర్ కలిపిన మిశ్రమం పలచబడుతుంది.

బుకింగ్ కౌంటర్లో లెక్క తేడా వస్తే మొత్తం దిద్దకండి, తప్పిన ఎంట్రీ వెతకండి అని కొత్త పిల్లలకి నేనే చెప్పేవాణ్ణి. ఇక్కడ నెలల తరబడి మొత్తమే దిద్దుతూ కూర్చున్నాను.

కొత్త పైపు వేసినాక ఇంజన్ ఒకటే అరుపు. నేను బిగించిందంతా వదులు చేయాల్సి వచ్చింది. తరువాత మిక్స్చర్ స్క్రూ అటూ ఇటూ తిప్పి నున్నగా పలికే చోట ఉంచి, మీటరు పెట్టి మళ్లీ ఐడ్లింగ్ చూసి 900 దగ్గర నిలిపినాడు.

ఇంటి గేటు దగ్గర ఇంజన్ ఆపకుండా నిలిపినాను. మా ఆవిడ బయటికొచ్చి కాసేపు వింది. "ఆగలేదే" అని, చెప్పులు వేసుకొని ముందు సీట్లో కూర్చుంది.