జెండా మీద పళ్ళెలా పెడతావురా?

జులై 3 రాత్రి పదకొండింటికి నా కిచెన్ కౌంటర్ మీద అరవై అమెరికా జెండాలు ఆరుతున్నాయి. పొద్దున్నే లేచి చూస్తే అందులో సగం గులాబీ రంగులోకి మారిపోయాయి.

జెండాలంటే బిస్కెట్లే. షుగర్ కుకీలు. పైన చక్కెర ఐసింగ్‌తో ఎర్ర చారలు, తెల్ల చారలు, మూలన నీలం గడి. యాభై నక్షత్రాలు మూడంగుళాల బిస్కెట్ మీద పెట్టడం నా వల్ల కాక చుక్కలతో సరిపెట్టాను. రాత్రి బాగానే ఉన్నాయి. తెల్లారేసరికి ఎరుపంతా పక్కనున్న తెలుపులోకి పాకేసింది.

నేనుండేది హ్యూస్టన్ పక్కన షుగర్ ల్యాండ్‌లో. జోక్ కాదు, ఊరి పేరే అది. ఒకప్పుడు చెరకు తోటలు, ఇంపీరియల్ షుగర్ ఫ్యాక్టరీ ఉన్న ఊరు. 2003లో ఫ్యాక్టరీ మూతపడింది, పేరు మాత్రం మిగిలింది. ఇక్కడ జులై ఎలా ఉంటుందంటే, బందరులో మే నెల ఉక్కపోత గుర్తు తెచ్చుకోండి. ఏసీ వేసినా గాల్లో తడి పోదు. ఐసింగ్ ఆరదు. ఆరని ఎరుపు ఊరుకోదు.

ఈ పిచ్చి నాకు అంటించింది పై అంతస్తులో ఉండే పెద్దావిడ. డెబ్భై దాటాయి, ఒక్కతే ఉంటుంది. ఓసారి ఆవిడ సరుకుల సంచీలు మెట్లెక్కించి ఇచ్చినందుకు క్రిస్మస్‌కి ఒక డబ్బా కుకీలిచ్చింది. మంచు ముక్కల డిజైన్లు, ఒక్కో గీత వెంట్రుకంత సన్నం. ‘ఇవి మెషీన్‌తో చేశారా?’ అని అడిగాను. ఆ ప్రశ్నకి ఆవిడ పెట్టిన మొహం చూశాక నేర్చుకోక తప్పలేదు.

పిండి కలపడంలో పెద్ద మర్మమేం లేదు. రెండు స్టిక్కుల వెన్న, అంటే దాదాపు 225 గ్రాములు, కప్పు పంచదార, ఒక గుడ్డు, వెనీలా, చిటికెడు ఉప్పు, మూడు కప్పుల మైదా. బేకింగ్ పౌడర్ వెయ్యకూడదు. వేస్తే అంచులు పొంగి, నక్షత్రం కాస్తా ఐదు కాళ్ళ గారెలా తయారవుతుంది. పావు అంగుళం మందాన ఒత్తి, గంటసేపు ఫ్రిజ్‌లో పెట్టి, 350 ఫారెన్‌హీట్‌లో పది పన్నెండు నిమిషాలు. అంతే.

కష్టమంతా ఐసింగ్‌లో ఉంది. పొడి చక్కెర, ఎండబెట్టిన గుడ్డు తెల్లసొన పొడి, నీళ్ళు. దీన్ని రాయల్ ఐసింగ్ అంటారు. గిన్నెలో కత్తితో ఒక గీత గీసి, అది కలిసిపోయేదాకా అంకెలు లెక్కపెట్టాలి. పదిహేను లోపు కలిసిపోతే లోపల నింపడానికి, కలవకుండా నిలబడితే అంచులు గీయడానికి. మా అమ్మ అరిసెల పాకం నీళ్ళలో వేసి ఉండ చుట్టి చూస్తుంది కదా, అదే లెక్క. ఇందులో ఒక్క చెంచా నీళ్ళు ఎక్కువైతే మొత్తం కారిపోతుంది. ఆఫీసులో ఒక్క కామా తప్పితే బిల్డ్ ఆగిపోయే బతుకు కాబట్టి ఇది నాకు సొంత ఊరిలాగే అనిపించింది.

ఆ గులాబీ జెండాలు నాలుగు పట్టుకుని పొద్దున్నే పైకి పరిగెత్తాను. ఆవిడ ఒకటి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూసింది. ‘ఎరుపు రావాలని రంగు మరీ ఎక్కువ కలిపావు. కొంచెం కలిపి ముందు రోజే పక్కన పెట్టుకో, రాత్రికి అదే ముదురుతుంది. ఒక రంగు వేశాక ఫ్యాన్ కింద పూర్తిగా ఆరితేనే పక్క రంగు వెయ్యి’ అంది. అని, చేతిలో ఉన్నది నోట్లో వేసుకుంది. బాగా వచ్చినవి రెండు కూడా ఇచ్చి వచ్చాను. మిగతా మంచివి సాయంత్రం స్విమ్మింగ్ పూల్ దగ్గర పాట్‌లక్‌కి వెళ్ళాయి. గులాబీవి వారం రోజులు నేనే తిన్నాను, టీలో ముంచుకుని మరీ.

ఆ పాట్‌లక్‌కి ఆవిడ కూడా ఓ పళ్ళెం నిండా కుకీలు తెచ్చింది. నక్షత్రాలు, మూడు రంగుల పుల్ల ఐసులు, అంకుల్ శామ్ టోపీలు. అందులో ఏది లేదో అప్పుడు నేను గమనించలేదు.

తర్వాత వారమే ఇక్కడి మన తెలుగువాళ్ళ గ్రూపులో ఒకన్నయ్య మెసేజ్ పెట్టాడు. ‘ఆగస్టు 15 ఫంక్షన్‌కి నూట ఇరవై కుకీలు చెయ్యగలవా? జెండావి. గుడ్డు లేకుండా.’ చేస్తానన్నాను. గుడ్డు సమస్య తేలిగ్గానే తీరింది. డబ్బాలో వచ్చే కాబూలీ శనగల నీళ్ళున్నాయి చూడండి, మనం సింక్‌లో ఒంపేసేవి, వాటిని గిలక్కొడితే తెల్లసొనలాగే నురగొస్తుంది. ఐసింగ్ బ్రహ్మాండంగా గట్టిపడుతుంది. పిండిలోకి గుడ్డు బదులు రెండు చెంచాల పెరుగు వేశాను.

శాంపిల్‌గా ఒకటి చేశాను. మూడంగుళాల పొడవు, రెండంగుళాల వెడల్పు, మన జెండా కొలత 3:2 కాబట్టి. కాషాయం, తెలుపు, ఆకుపచ్చ, ఒక్కోటి ఆరడానికి మూడేసి గంటలు. ఆ తర్వాత తినే ఇంకు పెన్నుతో చక్రం. బళ్ళో చదువుకున్న 24 ఆకులూ పెట్టాను. 360ని 24తో భాగిస్తే 15 డిగ్రీలు. కాగితం మీద కోణమానినితో గుర్తులు పెట్టి, సూదితో బిస్కెట్ మీదికి దింపి గీశాను. గంటన్నర పట్టింది. నా జీవితంలో అంత శ్రద్ధగా ఏ పనీ చెయ్యలేదు.

ఫొటో తీసి ఇంటి గ్రూపులో పెట్టాను. బ్లూ టిక్కులొచ్చాయి. మా నాన్న నేను పప్పు ఫొటో పెట్టినా బొటనవేలు చూపిస్తాడు. ఈసారి ఏమీ లేదు.

నాన్న డ్రాయింగ్ మాస్టారుగా రిటైరయ్యాడు. పామర్రు దగ్గర జిల్లా పరిషత్ హైస్కూల్లో ఇరవై ఏళ్ళకు పైగా ఆగస్టు 15కి జెండా మడిచి కట్టింది ఆయనే. జెండా రూపొందించిన పింగళి వెంకయ్య గారి సొంతూరు భట్లపెనుమర్రు మాకు దగ్గరే. 1921లో బెజవాడ కాంగ్రెస్ సమావేశంలో ఆయన గాంధీగారికి జెండా చూపించిన కథ నాన్న ఎంతలా చెప్పేవాడంటే, తను పక్కనే నిలబడి చూశాడేమో అనుకునేవాణ్ణి చిన్నప్పుడు. స్కూలు గోడ మీద చక్రం కంపాస్‌తో వేసి, పదిహేనేసి డిగ్రీలకి గీతలు కొట్టేవాడు. నేను గుర్తులు పెట్టింది ఆ పద్ధతిలోనే. ఆ మాట ఆయనకి చెప్పలేదు, చూడగానే తెలుస్తుందనుకున్నాను.

ఇప్పుడు గీయట్లేదు. రెండేళ్ళ కిందట పార్కిన్సన్స్ అన్నారు. కుడిచెయ్యి వణుకుతుంది. నేను మూడేళ్ళుగా ఇంటికెళ్ళలేదు. వెళ్తే వీసా స్టాంపింగ్‌లో ఇరుక్కుంటానేమోనని భయం. ఆ వణుకు నేను ఫోన్‌లోనే చూశాను. అందుకే వీడియో కాల్‌లో ఫోన్ అమ్మ పట్టుకుంటుంది.

ఆ రాత్రి కాల్‌లో నాన్నే తీశాడు మాట.

‘చక్రం బాగా కుదిరిందిరా. ఆకులు లెక్కపెట్టాను, ఇరవై నాలుగూ ఉన్నాయి.’

నాకు ఛాతీ ఉబ్బింది.

‘దీన్నేం చేస్తారు?’

‘తింటారు నాన్నా.’

కాసేపు ఏం మాట్లాడలేదు. ‘జెండా మీద పళ్ళెలా పెడతావురా?’ అన్నాడు. కోపంగా అనలేదు. నిజంగానే అర్థంకాక అడిగినట్టు అడిగాడు.

నాకు మాత్రం కోపం వచ్చింది. గంటన్నర కూర్చుని గీసిన చక్రం కదా. గూగుల్ చేశాను. దొరికింది. 2013లో కోయంబత్తూరులో క్రిస్మస్ వేడుకలో ఆరడుగుల పొడవు, అయిదడుగుల వెడల్పున్న మూడు రంగుల కేక్ కోశారు, మధ్యలో అశోకచక్రంతో సహా. 1971 నాటి జాతీయ గౌరవ పరిరక్షణ చట్టం కింద కేసయింది. 2021 మార్చిలో మద్రాస్ హైకోర్టు అది నేరం కాదని కొట్టేసింది. లింకు నాన్నకి పంపాను, పైన విజయగర్వంతో ఒక ఎమోజీ కూడా.

అరగంటకి వాయిస్ మెసేజ్ వచ్చింది. ‘కోర్టు నేరం కాదందిరా. తినమని చెప్పలేదు కదా.’

రెండ్రోజులు మాట్లాడలేదు నేను. మూడో రోజు ఫ్యాన్ అరువు తెచ్చుకోడానికి పైకి వెళ్ళి, ఉండబట్టలేక ఆవిడకి చెప్పాను. అమెరికాలో అయితే ఈ గొడవే లేదు కదా, ప్లేట్ల మీద, నాప్కిన్ల మీద, ఈత నిక్కర్ల మీద కూడా జెండానే కదా అన్నాను. ఆవిడ నవ్వింది. ‘వాడి పారేసే నాప్కిన్ల మీద వెయ్యకూడదని మా ఫ్లాగ్ కోడ్‌లోనూ ఉంది. ఎవరూ పట్టించుకోరు, శిక్షా లేదు’ అంది. అని వంటింటి గుమ్మం పక్కన అరమర వైపు చూసింది.

అక్కడొక త్రికోణపు చెక్క పెట్టె, అద్దం బిగించింది. లోపల మడిచిన జెండా. నీలం మీద తెల్ల నక్షత్రాలు మాత్రమే కనిపిస్తున్నాయి. నెలల తరబడి దాని పక్కనే నిలబడి ఐసింగ్ కలిపాను. అదేంటని ఒక్కసారీ అడగలేదు. ఆవిడ భర్త సైన్యంలో చేశాడట. అంత్యక్రియలప్పుడు శవపేటిక మీద కప్పి, మడిచి, ఆవిడ చేతికిచ్చిన జెండా అది.

పాట్‌లక్‌లో ఆవిడ పళ్ళెం అప్పుడు గుర్తొచ్చింది నాకు. నక్షత్రాలున్నాయి, టోపీలున్నాయి. జెండా లేదు.

‘మరి నేనిచ్చినవి?’ అన్నాను, గొంతు సరిగ్గా రాలేదు.

‘గులాబీవి తినేశానుగా. అవెక్కడి జెండాలు! మంచివి రెండూ ఫ్రీజర్‌లో ఉన్నాయి.’

కిందికొచ్చి చాలాసేపు ఊరికే కూర్చున్నాను. నిజం చెప్పాలంటే ఆ చారల జెండాని నేను ఎంత సులువుగా కొరికానో అప్పుడు తెలిసింది. నాది కాదు కాబట్టి. టీలో ముంచుకున్నాను కూడా.

ఇంటికి ఫోన్ చేశాను. ‘సరే నాన్నా, జెండా వద్దు. నూట ఇరవై బిస్కెట్లు ఒప్పుకున్నాను. మరేం గీయమంటావు?’

‘చూద్దాంలే’ అన్నాడు.

మర్నాడు అమ్మ ఫోన్ నుంచి ఒక ఫొటో వచ్చింది. పాత డైరీ కాగితం మీద పెన్సిల్ బొమ్మలు మూడు. బంతిపువ్వు, నందివర్ధనం, మరువం రెమ్మ. కింద నాన్న రాత, పక్కకి ఒరిగిపోయి: ‘కాషాయం, తెలుపు, పచ్చ.’

జెండా మడతలో పెట్టే పూలు! ఆ సంగతి ఎలా మర్చిపోయానో. ఆగస్టు 14 సాయంత్రం స్కూలు ఆవరణలో నందివర్ధనాలు కోసి, బంతిరేకులు విడదీసి ఇవ్వడం నా పని. నాన్న వాటిని మడతలో పోసి, తాడుకి జారుముడి వేసేవాడు. పొద్దున్న తాడు లాగగానే మా తలల మీద రాలేవి. జెండాతో ఏదీ మోయకూడదు, పూలరేకులకి మాత్రం అభ్యంతరం లేదు అని నాన్న ఎప్పుడూ చెప్పేవాడు. 2002 ఫ్లాగ్ కోడ్ తెరిచి చూశాను. నిజంగానే ఉంది, జాతీయ పండగలప్పుడు ఆవిష్కరణకి ముందు లోపల పూలరేకులు పెట్టొచ్చని.

నాన్న గీతలు వణికాయి. నందివర్ధనం రేకు ఒకటి సగంలో ఆగి మళ్ళీ మొదలైంది. ఐప్యాడ్‌లోకి ఎక్కించి, అలవాటుగా గీతలు నునుపు చేసే ఆప్షన్ నొక్కాను. బంతిపువ్వు ప్లాస్టిక్ పువ్వులా అయిపోయింది. అన్‌డూ నొక్కాను. బంతి రేకు అంచు ఎక్కడైనా తిన్నగా ఉంటుందా అసలు?

నలభై బంతులు, నలభై నందివర్ధనాలు, నలభై మరువం రెమ్మలు. మూడు రాత్రులు పట్టింది. కాపీ చేస్తున్నాను కదా, నాన్న చెయ్యి ఎక్కడ ఆగిందో నా చెయ్యీ అక్కడే ఆగింది. మూడేసి చొప్పున కవర్లలో పెట్టి రిబ్బన్ కట్టాను. ఫంక్షన్‌లో ‘జెండా ఏది?’ అని అడిగినవాళ్ళూ ఉన్నారు. ఓ చిన్నపిల్ల మాత్రం ‘ఈ పువ్వేంటి?’ అంటే వాళ్ళమ్మ ‘నందివర్ధనం, మా ఇంటి గేటు దగ్గర ఉండేది’ అని ఎంతసేపు చెప్పిందో. ఒక కవరు పై అంతస్తుకి వెళ్ళింది.

రాత్రి నాన్నకి ఒక్కొక్కటే కెమెరా దగ్గరపెట్టి చూపించాను. ఈసారి ఫోన్ తనే పట్టుకున్నాడు. నా బిస్కెట్లు అక్కడ ఎలా కనిపిస్తున్నాయో తెలీదు గానీ, ఇక్కడ నాకు ఆయన మొహం, ఫ్యాను, గోడ క్యాలెండర్, మళ్ళీ మొహం ఊగుతూ కనిపిస్తున్నాయి.

‘బంతి బావుంది. మరువం పచ్చదనం ఎక్కువైందిరా.’

‘రాత్రికి ముదిరింది నాన్నా. ఐసింగ్ అంతే.’

‘తెలిసినప్పుడు లేతగా కలపొద్దూ?’