టిక్కుమంటే అరటిపండు

బాలలూ! ఆఫ్రికాలోని టాంజానియా దేశంలో, ఉలుగురు కొండల పాదాన మొరొగోరో అనే పట్టణం వున్నది. మీరెప్పుడైనా అక్కడికి వెళితే, ఎలుకల బడి చూడకుండా రాకండి!

అక్కడి ఎలుకలు తోకతో సహా రెండడుగుల పొడవుంటాయి. వాటికి చూపు తక్కువ, ముక్కు మాత్రం మహా చురుకు. గురువుగారి చేతిలో ఒక చిన్న డబ్బీ వుంటుంది. నొక్కితే "టిక్" మంటుంది. మొదట ఊరికే టిక్కుమనిపించి, వెంటనే అరటిపండు ముక్క పెడతారు. కొద్దిరోజులకు, టిక్కంటే తిండి అని ఎలుకకు తెలిసిపోతుంది. ఆ తరువాత, మందుపాతరలోని మందు వాసన పసికడితేనే డబ్బీ టిక్కుమంటుంది. పొరపాటు చేస్తే దెబ్బ లేదు, తిట్టు లేదు. టిక్కు వుండదు, అంతే!

యీ బడిలో చదివిన మగావా అనే ఎలుక 2016లో కంబోడియా వెళ్ళింది. యుద్ధాలు ముగిసినా, అక్కడి పొలాలలో మందుపాతరలు మిగిలిపోయాయి. వాటిపై అడుగు వేసి ఎందరో పిల్లలు కాళ్ళు పోగొట్టుకున్నారు. ఎలుక తేలిక గనక, పైన నడిచినా పాతర పేలదు. మందుపాతరలూ, పేలని గుండ్లూ కలిపి మగావా నూటికి పైగా కనిపెట్టింది. 2020లో దానికి బ్రిటన్ నుంచి బంగారు పతకం వచ్చింది. ఎలుకకు ఆ పతకం రావటం అదే మొదలు! 2022లో మగావా చనిపోయింది.

మీ ఇంట్లో కుక్కపిల్ల వున్నదా? యీ విద్య దానికీ వస్తుంది. అది కూర్చున్న క్షణానే టిక్కుమనిపించి, రొట్టెముక్క పెట్టండి. ఆలస్యం చేస్తే, దేనికి మెచ్చుకున్నారో దానికి తెలియదు. కొద్దిరోజులు ఓపిక పట్టండి. కర్రతో పని వుండదు.