వృత్రుడు లేని వర్షగాథ

చాలా ఏళ్ల క్రితం తరగతిలో దేవతాస్వరూపాలను బోధిస్తూ, మెక్సికో దేశపు అజ్టెక్ ప్రజల వర్షదేవుడైన త్లాలోక్‌ను “వారి ఇంద్రుడు” అని ఒక్క మాటతో చెప్పి ముగించాను. విద్యార్థులు అట్లే వ్రాసుకొన్నారు. అది ఎంత తొందరపాటు మాటో తరువాత చదివిన కొద్దీ తెలిసివచ్చింది. ఆ దోషాన్ని దిద్దుకోవడమే ఈ చిన్న వ్యాసం ఉద్దేశం.

ఋగ్వేదంలో జలాలను నిరోధించేవాడు వృత్రుడు. ఇంద్రుడు వానిని వధించి నీటిని విడిపిస్తాడు. దాత వేరు, నిరోధకుడు వేరు. అజ్టెక్ గాథలలో ఈ వృత్రస్థానం శూన్యం. పర్వతాలు నీటితో నిండిన భాండాలని వారి విశ్వాసం. ఆ భాండాలకు యజమాని త్లాలోక్. ఆయన మందిరంలో నాలుగు తొట్ల నీరుంటుందని, అందులో ఒకటి మాత్రమే పంటను పండిస్తుందని, తక్కినవి పైరును చెరుస్తాయని 16వ శతాబ్దిలో లిఖితమైన ఒక గాథ తెలుపుతుంది. ఇచ్చేవాడూ చెరిచేవాడూ ఒక్కడే.

నదులకు, సరస్సులకు అధిదేవత అయిన చాల్చివుత్లిక్వే స్వభావమూ ఇట్టిదే. నావాట్ల్ భాషలో ఈ పేరుకు “పచ్చరాతి పావడా ధరించినది” అని అర్థం. మంత్రసాని ఈమెను ప్రార్థించి నవజాతశిశువుకు స్నానం చేయించేది. పంచసూర్యుల గాథలో నాల్గవ యుగానికి అధిష్ఠాత్రీ ఈమెయే. ఆ యుగం జలప్రళయంతో అంతమై మనుష్యులు చేపలయ్యారు.

వధించడానికి శత్రువు లేనిచోట మనిషికి మిగిలేది యాచన, దానికి చెల్లించే వెల. మొక్కజొన్నయే ప్రాణాధారమైన ఆ జాతి చెల్లించిన వెల పసిబిడ్డలు. బలికి తీసుకుపోయే పిల్లలు ఏడిస్తే వాన పడుతుందని సంతోషించేవారని స్పెయిన్ సన్యాసి బెర్నార్దినో దె సహగూన్ గ్రంథం చెబుతుంది. టెనోచ్‌టిట్లాన్ మహాలయ స్థలంలో 1978లో ఆరంభమైన త్రవ్వకాలలో, త్లాలోక్ గర్భాలయం వైపున, ఒకే నిక్షేపంలో కనీసం 42 మంది పిల్లల అస్థికలు లభించాయి.

ఆ సంఖ్య చదివిన రోజున నా పాత పాఠం గుర్తుకు వచ్చి సిగ్గుపడ్డాను. “వారి ఇంద్రుడు” అన్న మాట ఆ బిడ్డలను కప్పివేసింది. తులనాత్మక అధ్యయనం త్యాజ్యమని నా అభిప్రాయం కాదు. దేవతల పేర్లకు ముందు, నీటిని ఆపినది ఎవరు అన్న ప్రశ్నను పోల్చి చూడాలి. ఇప్పుడు ఆ పాఠాన్ని ఆ ప్రశ్నతోనే ఆరంభిస్తున్నాను.