ఎన్నికైన సభకు సిబ్బంది ఎవరు? సాల్ట్ లేక్ పర్యటన

దేశానికి పార్లమెంటు, రాష్ట్రానికి శాసనసభ ఉన్నట్టే నగరపాలక సంస్థకూ ఎన్నికైన సభ ఒకటి ఉంటుంది. పన్నులు నిర్ణయించడం, బడ్జెట్‌ను ఆమోదించడం, అధికారంలో ఉన్నవారిని ప్రశ్నించడం దాని ప్రధాన విధులు. ఈ విధులకు తగిన నిధులూ సిబ్బందీ ఆ సభకు ఉన్నాయా అన్న ప్రశ్నను పరిశీలించడానికి కోల్‌కతా తూర్పున ఉన్న సాల్ట్ లేక్, అధికారిక నామంలో బిధాన్‌నగర్, అనువైన చోటు. రాష్ట్ర ప్రభుత్వ శాఖల భవనాలు, కేంద్ర ప్రభుత్వ సముదాయం, ఐటీ సంస్థల వాడ, స్థానిక ప్రజాప్రతినిధుల సభ, ఇవన్నీ ఇక్కడ ఇరుగుపొరుగునే ఉన్నాయి.

నాటి పశ్చిమ బెంగాల్ ముఖ్యమంత్రి బిధాన్ చంద్ర రాయ్ సంకల్పం మేరకు, ఉప్పునీటి చిత్తడి నేలలను హుగ్లీ నది పూడికమట్టితో మెరక చేసి, యుగొస్లావియా వాస్తుశిల్పి దోబ్రివోయె తోష్కోవిచ్ ప్రణాళికతో 1960లలో నిర్మాణం మొదలుపెట్టిన పట్నమిది. వీధి పేరు కంటే బ్లాకు అక్షరాలూ ప్లాటు అంకెలే ఇక్కడ చిరునామా; దారి అడిగితే స్థానికులు ఫలానా నంబరు నీళ్ల ట్యాంకు దగ్గర అని చెబుతారు. ఇళ్ల స్థలాలు అమ్మినవి కావు, 999 ఏళ్ల లీజుకు ఇచ్చినవి. లీజు బదిలీకి అనుమతి ఇచ్చేదీ రుసుము నిర్ణయించేదీ రాష్ట్ర పట్టణాభివృద్ధి శాఖే కనుక, నేలపై మాట చెల్లేది ఎన్నికైన సభది కాదు, రాష్ట్రానిది.

2020లో ప్రారంభమైన మెట్రోలో సెక్టర్ 5 స్టేషన్‌లో ఎక్కి, తర్వాతి స్టేషన్ కరుణామయిలో దిగే సందర్శకులు కొద్ది నిమిషాల్లో ఒక పాలనావ్యవస్థ నుంచి మరో పాలనావ్యవస్థలోకి వస్తారు. ఐటీ కార్యాలయాలతో నిండిన సెక్టర్ 5 బాధ్యత 2006లో ఏర్పడిన నవదిగంత పారిశ్రామిక టౌన్‌షిప్ అథారిటీది. పరిశ్రమలే పౌరసేవలు సమకూర్చుకునే ప్రాంతాన్ని పారిశ్రామిక టౌన్‌షిప్‌గా ప్రకటించి, అక్కడ మునిసిపాలిటీ ఏర్పాటు చేయకుండా ఉండవచ్చని రాజ్యాంగంలోని 243-క్యూ అధికరణం అనుమతిస్తుంది. ఆ కారణంగా సాల్ట్ లేక్‌లో అత్యధిక విలువ గల వాణిజ్య భవనాలపై వచ్చే ఆస్తిపన్ను, ఓటర్లు ఎన్నుకున్న సభకు కాక, నియమిత సభ్యుల బోర్డుకు చేరుతుంది. పట్నంలోని కేంద్ర ప్రభుత్వ భవనాలకు 285వ అధికరణం కింద ఆస్తిపన్ను మినహాయింపు ఉంది.

నగరపాలక సంస్థ కార్యాలయమైన పౌరభవన్ సెక్టర్ 3లోని ఎఫ్‌డీ బ్లాకులో ఉంది. బిధాన్‌నగర్, రాజార్‌హాట్-గోపాల్‌పూర్ మునిసిపాలిటీలను కలిపి 2015లో ఏర్పాటు చేసిన ఈ సంస్థలో 41 వార్డులున్నాయి. బెంగాల్ పద్ధతిలో మేయరూ, ఆయన లేదా ఆమె ఎంపిక చేసిన సభ్యులూ కలిసిన మేయర్-ఇన్-కౌన్సిల్ మంత్రివర్గం వంటిది. సభను నడిపే చైర్‌పర్సన్ స్పీకర్ వంటివారు. కమిషనర్‌ను రాష్ట్ర ప్రభుత్వం నియమిస్తుంది. శాసనసభ నమూనా ఇంత దగ్గరగా ఉన్నా, స్పీకర్ వెనుక ఉండే స్వతంత్ర సచివాలయం మాత్రం చైర్‌పర్సన్ వెనుక కనిపించదు. పద్దుల వివరాలూ, పనుల అంచనాలూ, ప్రశ్నలకు జవాబులూ ఏ యంత్రాంగాన్ని సభ ప్రశ్నించాలో ఆ యంత్రాంగం దగ్గరి నుంచే రావాలి. 2022 ఎన్నికల్లో పాలక తృణమూల్ కాంగ్రెస్ 39 వార్డులు గెలవగా, ఇతరులకు మిగిలినవి రెండే. ప్రతిపక్షం ఇంత పలచగా ఉన్న సభలో లెక్కలు చదివి లోపం పట్టుకునే సిబ్బంది లేకపోతే, తీర్మానాలు చర్చ లేకుండానే గట్టెక్కే ప్రమాదం ఎక్కువ.

ఈ లోటుకు మూలం రాజ్యాంగంలోనే ఉంది. పార్లమెంటు ఉభయసభలకు 98వ అధికరణం, రాష్ట్ర శాసనసభలకు 187వ అధికరణం ప్రత్యేక సచివాలయ సిబ్బందిని కల్పించాయి. 1993 జూన్ 1న అమల్లోకి వచ్చిన 74వ సవరణ, మునిసిపల్ ఎన్నికల నిర్వహణను, గవర్నరు సిబ్బందిని సమకూర్చాల్సిన రాష్ట్ర ఎన్నికల సంఘానికే అప్పగించింది గానీ, ఎన్నికైన సభ పనిచేయడానికి అటువంటి ఏర్పాటేదీ చెప్పలేదు. సభ పుట్టుకకు సిబ్బంది హామీ ఉంది, బతుకుకు లేదు.

అవసరమైన వనరులు సాల్ట్ లేక్‌లో బొత్తిగా లేవనలేం. హెచ్‌సీ బ్లాకులోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ లోకల్ గవర్నమెంట్ అండ్ అర్బన్ స్టడీస్ కౌన్సిలర్లకూ ఉద్యోగులకూ శిక్షణ ఇస్తుంది. స్థానిక సంస్థల పద్దులను తనిఖీ చేసే ఆడిట్ కార్యాలయం కూడా ఈ పట్నంలోనే ఉంది. అయితే నివేదిక అందిన తర్వాత దాన్ని సభ్యులకు అర్థమయ్యేలా విడమరిచి, ఏ అభ్యంతరం తీరిందో ఏది మిగిలిందో వెంటపడి చూడడానికి సభ చేతికింద మనుషులు కావాలి. డబ్బు మాటకొస్తే, దేశంలోని నగరపాలక సంస్థల ఆదాయం దశాబ్దానికి పైగా జీడీపీలో సుమారు 1 శాతం దగ్గరే నిలిచిపోయిందని రిజర్వు బ్యాంకు 2022 నివేదిక తేల్చింది. ఇంత బిగువైన బడ్జెట్‌లో చెత్త ఎత్తడానికీ వీధిదీపాలకూ ముందు కేటాయించడం సహజమే. సభ సొంత ఖర్చు ఎప్పుడూ చివరి వరుసలో ఉంటుంది.

తెలుగు నేలపై అనుభవం మరో కోణం చూపుతుంది. ఆంధ్రప్రదేశ్‌లో 2019 అక్టోబరు 2న మొదలైన గ్రామ, వార్డు సచివాలయాలు 15,004; ప్రజల గడపకు సిబ్బందిని ఇంత దగ్గరగా తెచ్చిన ఏర్పాటు అరుదు. కానీ వారి నియామకం, జీతం, విధులు రాష్ట్ర ప్రభుత్వ నిర్ణయాలు కావడంతో, వార్డులో ఉద్యోగులు పెరిగినంత మాత్రాన కార్పొరేటర్ల సభకు బలం పెరగలేదు. మహావిశాఖలో 2012 నుంచి 2021 వరకు ఎన్నికైన పాలకమండలి లేకుండానే ప్రత్యేకాధికారుల పాలన సాగింది. సభ లేకుండా యంత్రాంగం నడవగలదు. యంత్రాంగం సాయం లేకుండా సభ నడవలేదు.

ఈ పరిస్థితి మారాలంటే మూడు ఏర్పాట్లు అవసరం: చైర్‌పర్సన్‌కే జవాబుదారీగా ఉండే సభా కార్యదర్శి, కమిషనర్ కోత పెట్టడానికి వీల్లేని ప్రత్యేక పద్దు, ఆడిట్ అభ్యంతరాలను పరిశీలించే కమిటీకి లెక్కలు తెలిసిన సహాయకులు. చిన్న సంస్థలకు ఇది భారమన్న వాదన తోసిపుచ్చదగింది కాదు గానీ, మునిసిపల్ ఉద్యోగాల భర్తీకి బెంగాల్‌లో ఇప్పటికే సర్వీస్ కమిషన్ ఉన్నందున, పలు సంస్థలకు ఉమ్మడిగా ఒక చిన్న శ్రేణిని నియమించడం అసాధ్యం కాదు. అడిగే హక్కుతోపాటు జవాబును సరిచూసుకునే సామర్థ్యం కూడా సభకు ఉన్నప్పుడే 41 వార్డుల ఓటుకు పూర్తి విలువ దక్కుతుంది.