మాట వినెడి పడవ

వానకాలమున వీధులవెంట నీరు పారుచుండగా కాగితముతో పడవ చేసి విడువని పిల్లలు తెలుగునాట అరుదు. చేతిలోనున్నంతసేపే ఆ పడవ వారిది. నీటిపై విడిచిన పిమ్మట అది ప్రవాహమునకు వశమగును. గాలి త్రోసిన వైపునకు పోవును. వీధి మలుపున కనుమరుగగును. ఒడ్డున నిలిచి ఎంత పిలిచినను వెనుకకు రాదు. పోయిన పడవ పిలిచినంతనే తిరిగి వచ్చిన నెంత బాగుండునను కోరిక చిన్ననాడే పుట్టును. ఆ కోరికను తీర్చునదియే రేడియో సాయమున నడచెడి నమూనా పడవ. దానిని అంగడిలో కొనవచ్చును. కాని ఇంటిలో స్వయముగా నిర్మించి, రంగులు వేసి, చెరువులో విడుచువారు పొందు ఆనందము వేఱు. వారికలవడు గుణములును వేఱు.

ఇట్టి పడవ పుట్టి నూరేండ్లు దాటినది. 1898వ సంవత్సరమున అమెరికాలోని న్యూయార్కు నగరమున, మాడిసన్ స్క్వేర్ గార్డెన్ అను విశాల భవనమున, విద్యుత్ ప్రదర్శనమొకటి జరిగెను. అందు నికోలా టెస్లా అను శాస్త్రజ్ఞుడు నీటితొట్టిలో చిన్న ఇనుప పడవను విడిచెను. దానిని తాకకయే, తీగయేదియు కట్టకయే, దూరమున నిలిచి దానిని కుడియెడమలకు తిప్పెను. దానిపైనున్న దీపములను వెలిగించి ఆర్పెను. తీగ లేకుండ వార్తలు పంపుటయే లోకమునకు వింతగానున్న కాలమది. అంతకు మూడేండ్లకు ముందు, 1895లో, కలకత్తా నగరమున జగదీశచంద్ర బోసు కంటికి కనబడని విద్యుత్తరంగములను గోడల గుండ పంపి, దూరముననున్న గంటను మ్రోగించి చూపియుండెను. టెస్లా ఆ తరంగములచే ఒక యంత్రమును నడిపించెను. చూచినవారిలో కొందరు దానిని ఇంద్రజాలమని భ్రమించిరట. ఆ యేడే నవంబరు 8వ తేదీన ఆ నిర్మాణమునకు ఆయనకు పేటెంటు హక్కు లభించెను.

ఇందలి రహస్యమేమి? రేడియో తరంగము పడవను త్రోయదు, లాగదు. దానికంతటి బలము లేదు. గంగిరెద్దును ఆడించువాడు సన్నాయి ఊదును. తల ఊపునది మాత్రము ఎద్దే. సన్నాయి పాటకు ఎద్దును కదలించు బలము లేదు. నేర్పిన ఎద్దు ఆ ధ్వని నెరిగి తన బలముతో తాను కదలును. పడవ సంగతియు నట్టిదే. పడవను నడుపు శక్తి దాని కడుపులోనున్న బ్యాటరీది. తిప్పునది దాని చుక్కాని. తరంగము తెచ్చునది ఆజ్ఞ మాత్రమే. కావున ఆజ్ఞ ఎంత స్పష్టమైనదైనను, దానిని గ్రహించి నెరవేర్చు సామర్థ్యము పడవలో లేకున్న నంతయు వ్యర్థము. ఇంటిలో పడవ కట్టుటయనగా ఆ సామర్థ్యమును దానికి ఒక్కొక్కటిగా సమకూర్చుటయే.

మొదట చేయవలసినది రంపము పట్టుట కాదు, లెక్క వేయుట. రేవులలో పెద్ద ఓడలను లాగెడి టగ్గు అను చిన్న నౌకను నమూనాగా తీసికొనిన, అది 30 మీటర్ల పొడవు, 400 టన్నుల బరువు కలదనుకొందురు. దానిని 50వ వంతునకు తగ్గించిన పొడవు 60 సెంటీమీటర్లగును. బరువును 50వ వంతగునని తలచినవాడు పప్పులో కాలువేయును. పొడవు, వెడల్పు, లోతు మూడును 50వ వంతగుటచే, బరువు 50ని మూడుసార్లు గుణించినంత, అనగా 1,25,000వ వంతునకు తగ్గును. ఆ లెక్కన నమూనా పడవ బరువు 3 కిలోల 200 గ్రాములు మాత్రమే. ఆర్కిమిడీసు సూత్రము ప్రకారము తేలు వస్తువు తన బరువునకు సమానమైన నీటినే తొలగించును. కావున చెక్క, మోటారు, బ్యాటరీ, రిసీవరు, జిగురు, రంగు అన్నియు కలిసి ఆ బరువులోనే ఇమిడిపోవలెను. ఎక్కువైన పడవ లోతుగా మునుగును. తక్కువైన పైకి తేలి ఒరుగును. రంగుకును బరువుండునను సంగతి పడవ కట్టువాడు తొలినాడే నేర్చుకొనును.

లెక్క కుదిరిన పిమ్మట నిర్మాణము మొదలగును. తిన్ననైన బల్లమీద పడవకు వెన్నెముకవంటి దూలమును నిలుపుదురు. పలుచని ప్లైవుడ్డును సన్నరంపముతో కోసి, ప్రక్కటెముకల వంటి చట్రములు చేసి, ఆ దూలమునకు వరుసగా బిగింతురు. వాటిపై సన్నని చెక్కబద్దలను అంటింతురు. ఈ బద్దలకు తేలికైన కఱ్ఱ కావలెను. దక్షిణ అమెరికాలో పెరుగు బాల్సా కఱ్ఱ ఇందుకు ప్రసిద్ధమైనది. కొండపల్లి బొమ్మలు చేయువారు తెల్లపొణికి కఱ్ఱనే ఎన్నుకొనుటకు కారణమును ఇట్టిదే. అది తేలికయైనది, ఉలికి మెత్తగా లొంగునది.

బద్దలంటించుటలో ఒక నియమము కలదు. ఎడమవైపున ఒక బద్ద నంటించిన వెంటనే కుడివైపున దాని జోడును అంటింపవలెను. ఒకవైపు పని అంతయు ముగించి రెండవవైపునకు వచ్చిన, బద్దల బిగువునకు వెన్నెముక వంకరపోవును. ఆ వంకర కంటికి కనబడక పోవచ్చును. నీటికి మాత్రము తెలియును. చుక్కాని నడుమనున్నను పడవ ఒక ప్రక్కకే పోవుచుండును. అప్పుడు రేడియోను నిందించి ప్రయోజనము లేదు.

తరువాత యంత్రముల అమరిక. మోటారు తిప్పెడి ఇరుసు ఇత్తడి గొట్టము గుండ బయటికి పోయి ప్రొపెల్లరును త్రిప్పును. ఆ గొట్టములో గ్రీజు నింపిన నీరు లోనికి రాదు. మోటారును ఇరుసును ఒకే సరళరేఖలో నుండవలెను. లేనిచో పడవ వణకును, బ్యాటరీ వృథాగా తరుగును. ఒడ్డుననున్నవాని చేతిలోని ట్రాన్స్‌మిటరు ఆజ్ఞను పంపును. పడవలోని రిసీవరు దానిని గ్రహించి, సర్వో అను చిన్న యంత్రమునకు సెకనునకు సుమారు 50 మారులు విద్యుత్ స్పందనములను పంపును. స్పందనము సెకనులో వెయ్యవవంతు కాలమున్నచో చుక్కాని ఒకవైపునకు తిరుగును. వెయ్యింట రెండువంతులున్నచో రెండవవైపునకు తిరుగును. వెయ్యింట ఒకటిన్నర వంతున్నచో నడుమ నిలుచును. రెప్పపాటుకంటె ఎంతో చిన్నదైన ఆ కాలభేదమే పడవకు భాష. నేడు ఇట్టి యంత్రములు ఎక్కువగా 2.4 గిగాహెర్ట్జ్ తరంగములతో పనిచేయుచున్నవి. ఆ తరంగములు నీటిలో దూరము పోజాలవు. అందుచే రిసీవరు యాంటెన్నాను నీటిమట్టమునకు పైభాగముననే అమర్చవలెను.

రంగు వేయుటకు పూర్వమే పడవను ఇంటిలోని పెద్ద నీటితొట్టిలో విడిచి చూడవలెను. ఎక్కడనైన నీరూరినచో అప్పుడే తెలియును. ముందుభాగము కుంగినచో బ్యాటరీని వెనుకకు జరుపుదురు. ఒకవైపు ఒరిగినచో చిన్న సీసపు ముక్కలను రెండవవైపున ఉంతురు. బరువు ఎంత అడుగున నున్న పడవ అంత నిలకడగా నుండును.

ఇక రంగు. తొందరపడువారి పని చెడుట ఇచ్చటనే. చెక్కలోని గుంటలకు లప్పము పెట్టి, ఆరిన పిదప గరుకు కాగితముతో రుద్దవలెను. మొదట ముతక కాగితము, తరువాత సన్ననిది, చివర మిక్కిలి సన్ననిది. చేయి నిమిరి చూచిన గాజువలె నున్నగా తోచిన పిమ్మట ప్రైమరు పూయుదురు. బూడిదరంగు ప్రైమరు ఆరినంతనే ఇంతకుముందు కనబడని గీతలును గుంటలును బయటపడును. ఎంతో శ్రమించినవాడు అప్పుడు నిరుత్సాహపడుట సహజము. రంగు పూసిన లోపములన్నియు మాసిపోవునని కొందరు తలంతురు. నిగనిగలాడు రంగు లోపమును కప్పదు, ఎత్తి చూపును. కావున మరల లప్పము పెట్టి, మరల రుద్ది, మరల ప్రైమరు పూయుటయే మార్గము.

రంగును ఒక్కమారుగా దళసరిగా పూసిన కారును, ముడుతలు పడును. పలుచని పొరలుగా, ఒకటి ఆరినపిదప మఱియొకటిగా పూయవలెను. గాలిలో తేమ అధికముగానున్న దినములలో కొన్ని రంగులు తెల్లబారి మెరుపు తరుగును. పొడిగానుండు దినము కొరకు వేచియుండుట మేలు. రంగుల ఆవిరి రొమ్మునకు మంచిది కాదు గనుక, గాలి వచ్చు తావుననే ఆ పని చేయవలెను.

పడవ అడుగుభాగమునకు ఎఱుపు, పైభాగమునకు నలుపుగాని ఆకుపచ్చగాని సాధారణముగా వేయుదురు. ఓడల అడుగున నాచు, గుల్లలు పట్టకుండ రాగి ఆక్సైడు కలిసిన ఎఱ్ఱని రంగు పూయుట చిరకాలపు వాడుక. నమూనా పడవల ఎఱుపు దానికి గుర్తు. రెండు రంగులు కలియుచోట గీత తిన్నగా నుండవలెను. పడవను బల్లపై సమముగా నిలిపి, ఒక చెక్కముక్కకు పెన్సిలు కట్టి, దానిని బల్లవెంట జరుపుచు చుట్టును గీత గీయుదురు. పెన్సిలు ఎత్తు మారదు గనుక గీతయు వంకరపోదు. ఆ గీత వెంట అంటుపట్టీ అతికించి రంగు వేయుదురు.

నీటి మట్టమును తెలుపు గీత అలంకారము మాత్రమే కాదు. 19వ శతాబ్దమున ఇంగ్లండులో కొందరు ఓడ యజమానులు లాభాపేక్షచే ఓడ మోయగలిగిన దానికంటె అధికముగా సరకు నెక్కించి పంపుచుండిరి. అట్టి ఓడలు తుపానులకు ఆగలేక మునుగుచుండెను. నావికులు ప్రాణములు కోల్పోవుచుండిరి. శామ్యూల్ ప్లిమ్‌సాల్ అను పార్లమెంటు సభ్యుడు నావికుల పక్షమున పట్టుదలతో పోరాడెను. తత్ఫలితముగా 1876లో ఓడల ప్రక్కలపై భారపు గీత ఉండితీరవలెనని చట్టమేర్పడెను. గీత నీటిలో మునిగినదన్న బరువు మితిమీరినదన్నమాట. బాలుడు తన చిన్న పడవపై గీయు గీత వెనుక ఇంతటి చరిత్ర కలదు.

పడవను నీట విడుచు దినము పండుగవంటిది. గాలి లేని ఉదయము, నాచు లేని నిలుకడనీరు తగినవి. ముందు ట్రాన్స్‌మిటరును, పిదప పడవను పనిచేయింపవలెను. ఆపునప్పుడు పడవను ముందు, ట్రాన్స్‌మిటరును తరువాత ఆపవలెను. పడవను ఒడ్డుననే ఉంచి కొంతదూరము నడచి, అక్కడనుండియు చుక్కాని మాట వినుచున్నదో లేదో చూడవలెను. పడవ దూరముగా పోవునప్పుడు అంతయు సులభమే. ఎదురుగా తిరిగి వచ్చునప్పుడు కుడియెడమలు తారుమారగును. కొత్తవాడు కంగారుపడి రాళ్ళకు కొట్టించును. ఒడ్డున నిలిచియు తాను పడవలో చుక్కాని పట్టి కూర్చున్నట్లు భావించువానికి ఆ చిక్కు లేదు.

ఒక్కొక్కప్పుడు బ్యాటరీ తరిగియో, నాచు చుట్టుకొనియో పడవ చెరువు నడుమ నిలిచిపోవును. నెలల శ్రమ కన్నులయెదుట నిలిచిపోగా నీటిలో దూకి తెచ్చుకొందమని మనస్సు తొందరపెట్టును. అది మహాపాయకరము. చెరువు లోతు ఒడ్డునకు తెలియదు. గాలి మెల్లగా దానిని ఏదో ఒక గట్టునకు చేర్చును. చేర్చకున్నను మఱియొక పడవను కట్టవచ్చును. ప్రాణమును మరల కట్టలేము. అందుచే పెద్దలు వెంటలేనిదే చెరువునకు పోరాదు.

ఇదియంతయు ఆటయే గదా యని తేలికగా చూడరాదు. 1872లో ఇంగ్లండులోని టార్కీ పట్టణమున విలియం ఫ్రూడ్ అను ఇంజనీరు పొడవైన నీటితొట్టి కట్టించి, మైనముతో చేసిన నమూనా ఓడలను అందు లాగించి, నీటి నిరోధమును కొలిచెను. చిన్న పడవలు చెప్పిన సాక్ష్యమునుబట్టి పెద్ద ఓడలకెంత శక్తి కావలెనో తెలిసికొనుటకు మార్గమేర్పడెను. ఆయన సూత్రము ప్రకారము 50వ వంతు నమూనా అసలు ఓడ వేగములో సుమారు 7వ వంతుతో పోయిననే రెండింటి అలలు ఒకే తీరుననుండును. గంటకు 21 కిలోమీటర్లు పోవు టగ్గునకు నమూనా గంటకు 3 కిలోమీటర్లు పోయిన చాలును. అది మనుష్యుడు నెమ్మదిగా నడచు వేగము. మన విశాఖపట్టణమున 1969లో స్థాపింపబడిన నౌకా విజ్ఞాన సాంకేతిక ప్రయోగశాలలోను నమూనా ఓడలను ఇట్లే నీటిపై లాగి పరీక్షింతురు. ఆ నగరముననే 1948 మార్చి 14వ తేదీన, స్వతంత్ర భారతమున నిర్మింపబడిన తొలి నౌకయగు ‘జల ఉష’ నీటిలో ప్రవేశించెను. అంతటి నౌకకును వెన్నెముక, ప్రక్కటెముకలు, రంగు, భారపు గీత తప్పవు.

ఒడ్డుననున్నవాడు వ్రేలు కదపగా దూరమున పడవ తిరుగుట చూచువారికి అద్భుతముగా తోచును. కట్టినవాడు మాత్రము అందలి సత్యమునెరుగును. పడవ ఆ క్షణమున వ్రేలి మాట వినుటకు కారణము, అంతకుముందు ఎన్నో దినములు ఎవరును చూడని చోట ఎడమబద్దకు కుడిబద్దను జోడించుటయు, ఇరుసును తిన్నగా నిలుపుటయు, బయటపడిన గుంటను మరల పూడ్చుటయుననియు తెలియును. ఆజ్ఞ ఎంతదూరమునుండియైనను రావచ్చును. దానిని నెరవేర్చు శక్తి లోపలనే సిద్ధముగా నుండవలెను.