ఉప్పులేని కడలిపై సవారీ

అటు చూస్తే అంతులేని నీళ్లు, ఒడ్డుకొచ్చి విరిగిపడే అలలు. ఇటు తిరిగితే ఆకాశాన్నంటే భవనాలు. షికాగోలో పిల్లల దగ్గరికెళ్లిన మనవాళ్లు తొలిసారి ఆ ఒడ్డున నిలబడితే సముద్రమే అనుకుంటారు... గాలిలో ఉప్పువాసన లేదని గమనించేదాకా! అది మిషిగన్‌ సరస్సు. పొడవు 494 కిలోమీటర్లు. విస్తీర్ణం దాదాపు 58 వేల చదరపు కిలోమీటర్లు. అంటే తెలంగాణలో సగం!

గాలి జోరుగా వీచే రోజున అందరూ ఇళ్లకు మళ్లుతుంటే కొందరు మాత్రం సన్నటి పడవల్ని భుజానికెత్తుకుని నీళ్లవైపు నడుస్తారు. ఆ పడవల పేరు సర్ఫ్‌స్కీ. పొడవు ఆరు మీటర్లు, వెడల్పు మూరెడు. పైనున్న గుంటలో కూర్చుని, రెండు వైపులా రెక్కలున్న తెడ్డు వేస్తూ, చుక్కానిని పాదాలతో తిప్పాలి. అన్నట్టు, దీని పుట్టుకా సరస్సులోనే. 1912లో ఆస్ట్రేలియాలోని పోర్ట్‌ మెక్వారీ దగ్గర ఇన్నెస్‌ సరస్సులో, ఆల్చిప్పల పెంపకం పనుల కోసం హ్యారీ మెక్‌లారెన్‌, అతని సోదరుడు జాక్‌ ఇలాంటి పడవ వాడారు. తర్వాత అది సముద్రతీరాల్లో ప్రాణరక్షకుల చేతికొచ్చింది. ఆపైన పందెం పడవైంది.

గాలి వీపును తోస్తుంటే అల మీద జారడమే ఇందులో అసలు మజా. పడవ ముక్కు కిందికి వాలగానే నాలుగుసార్లు గట్టిగా తెడ్డేస్తే చాలు, మిగతా పని అలే చూసుకుంటుంది. అయితే సముద్రపు అలల్లా సరస్సు అలలు తీరిగ్గా రావు. పొట్టిగా, నిటారుగా, ఒకదాని వెనకే ఒకటి తరుముకొస్తాయి. రెప్పపాటు ఏమరినా పడవ బోల్తా!

పడితే అసలు శత్రువు లోతు కాదు, చలి. ఏప్రిల్‌లో ఒడ్డున ఎండ కాస్తున్నా నీళ్లు మంచులా ఉంటాయి. చల్లటి నీటికి వీళ్లు చెప్పుకునే లెక్క ‘ఒకటి-పది-ఒకటి’. ఊపిరి అదుపులోకి తెచ్చుకోవడానికి ఒక నిమిషం. చేతులు మాట వినేది పది నిమిషాలు. స్పృహ తప్పడానికి సుమారు గంట. అందుకే కొత్తవాళ్లకు వేగంకన్నా ముందు నేర్పేది, పడటం... మళ్లీ ఎక్కడం. దుస్తులు ఎండను చూసి కాదు, నీటిని చూసి వేసుకోవాలి. లైఫ్‌జాకెట్‌తోపాటు కాలికీ పడవకీ తాడు ఉండాల్సిందే. లేదంటే ఈదే మనిషికి అందకుండా ఖాళీ పడవను గాలి ఎత్తుకుపోతుంది.

గాలివాటు ప్రయాణం ఒకవైపే కాబట్టి దిగేచోట ముందుగానే కార్లు పెట్టి వస్తారు. ఒంటరిగా వెళ్లొద్దన్నది అనుభవజ్ఞుల మాట. బయల్దేరేటప్పుడు తలలు లెక్కపెట్టుకుంటారు, చేరాక మళ్లీ లెక్కపెట్టుకుంటారు. ఎవరు ముందొచ్చారన్న కబుర్లు ఆ తర్వాతే. చివరి పడవ ఒడ్డు తాకేదాకా అందరి చూపూ నీళ్లమీదే!